697 ఇంజన్‌లో అదే పుష్ రాడ్ రెండోసారి వంగింది: హెడ్డు విప్పే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న
పంపినవారు: బంగారుపాళెం లారీ

అందరికీ నమస్కారం. నా దగ్గర టాటా 697 ఇంజన్ ఉన్న పాత లారీ ఒకటి ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం పలమనేరు, వి.కోట వైపు నుంచి చిత్తూరుకు టమాటా తోలుతుంది; మామిడి కాలంలో దామలచెరువు, బంగారుపాళెం మండీల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ మోస్తుంది. అందులో ఒక పుష్ రాడ్ (కింద క్యామ్ ఇచ్చే తోపును పైన రాకర్ అనే ఊగే చేతి ద్వారా వాల్వుకు చేర్చే కడ్డీ) రెండుసార్లు వంగింది. ఈ సమస్యకు ముగ్గురు మెకానిక్‌లు మూడు రకాల జవాబులు చెప్పారు కాబట్టి, పానా పట్టిన అనుభవం ఉన్నవారి అభిప్రాయం కోరుతున్నాను.

వేసవి మొదట్లో రేడియేటర్ గొట్టం పగిలి ఇంజన్ బాగా వేడెక్కింది, హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్డు దించి లేత్‌లో ముఖం చదును చేయించి, వాల్వులు గ్రైండింగ్ చేయించి, 4, 5 సిలిండర్లకు కొత్త వాల్వ్ గైడ్లు (వాల్వు కాండం పైకీ కిందికీ జారే గొట్టాలు) వేయించాము. తర్వాత కొన్ని వారాలు బండి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

మొదటిసారి రాడ్డు వంగింది మొగిలి ఘాట్ దిగుతున్నప్పుడు. లోడు మీద ఉన్న బండిని డ్రైవర్ నాలుగో గేరు నుంచి మూడో గేరుకు దించగానే ఇంజన్ గట్టిగా అరిచిందట. ఘాట్ కింద ఆపి చూస్తే హెడ్డు మీద టకటకమని శబ్దం, ఒక సిలిండర్ మిస్సింగ్ (అందులో మంట సరిగా పడకపోవడం), దానితోపాటు ఎయిర్ క్లీనర్‌లోకి ఎదురు కొడుతున్న గాలి. ట్యాపెట్ కవర్ తీస్తే రేడియేటర్ వైపు నుంచి 4వ సిలిండర్ ఎగ్జాస్ట్ పుష్ రాడ్ వంగి ఉంది. మెకానిక్ కొత్త రాడ్డు వేసి, ట్యాపెట్ సందు (రాకర్‌కూ వాల్వుకూ మధ్య వదిలే ఖాళీ) సరిచేసి, ఇంజన్ మితిమీరి తిరగడమే కారణమని తేల్చాడు.

రెండోసారి మాత్రం బండి దిగడం లేదు, చిత్తూరు నుంచి పలమనేరుకు ఎరువుల లోడుతో అదే ఘాట్ ఎక్కుతోంది. ఇంజన్ మెల్లగా తిరుగుతూ భారం లాగుతున్న సమయంలో అదే 4వ సిలిండర్‌లో అదే ఎగ్జాస్ట్ రాడ్డు వంగింది. ఇప్పుడు ఒకరు క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిపించే ముక్కులున్న ఇరుసు) మార్చాలంటున్నారు, మరొకరు వాల్వ్ స్ప్రింగులు మొత్తం సెట్టు మార్చమంటున్నారు. డబ్బు ఖర్చుపెట్టడానికి ముందు, హెడ్డు మళ్లీ విప్పకుండానే ఏయే పరీక్షలు చేసి కారణాన్ని దగ్గరగా పట్టుకోవచ్చో చెప్పగలరా? వంగిన రాడ్డును సుత్తితో సరిచేసి వాడవచ్చా అన్నది నా రెండో సందేహం. పాత రాడ్లు రెండూ నా దగ్గరే ఉన్నాయి.

జవాబు 1
పంపినవారు: మూడో గేరు

మొదటి మెకానిక్ చెప్పిన మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. డీజిల్ పంపులో ఉన్న గవర్నర్ ఇంజన్ వేగాన్ని అదుపు చేస్తుందని చాలామంది డ్రైవర్లు ధైర్యంగా ఉంటారు. గవర్నర్ చేయగలిగింది డీజిల్ తగ్గించడం వరకే. దిగుడులో ఇంజన్‌ను తిప్పేది డీజిల్ కాదు, లోడుతో దొర్లుతున్న చక్రాలు. అప్పుడు గవర్నర్ పూర్తిగా డీజిల్ ఆపేసినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. నాలుగో గేరులో 2200 రౌండ్లు తిరుగుతున్న ఇంజన్‌ను, ఒకటిన్నర రెట్లు నిష్పత్తి ఉన్న కింది గేరులోకి అదే వేగంలో దించితే లెక్క ప్రకారం 3300 అవుతుంది. 2800 రౌండ్ల దగ్గర గరిష్ఠ శక్తి ఇచ్చేలా తయారైన ఇంజన్‌కు అది చాలా ఎక్కువ. ఆ వేగంలో స్ప్రింగు వాల్వును క్యామ్ వెంట సమయానికి మూసివేయలేదు. వాల్వు ఆలస్యంగా వస్తుంటే పైకి వస్తున్న పిస్టన్ దాన్ని తాకుతుంది, ఆ దెబ్బ రాకర్ మీదుగా రాడ్డుకు చేరుతుంది.

అందువల్ల నా అనుమానం ఇది: మొదటిసారి దెబ్బకు రాడ్డుతో పాటు వాల్వు కాండం కూడా కొద్దిగా వంగి ఉండవచ్చు. రాడ్డు ఒక్కటి మార్చి వాల్వును చూడకుండా వదిలేస్తే, వంగిన కాండం గైడులో ఇరుక్కుని రెండో రాడ్డును కూడా వంచుతుంది. మిగతా 11 రాడ్లను బయటికి తీసి, దళసరి అద్దం మీద ఒక్కొక్కటి దొర్లించి, కింద వెలుతురు పెట్టి చూడండి. ఇంజన్ మితిమీరి తిరిగినప్పుడు ఒకే రాడ్డు వంగి మిగతావన్నీ చక్కగా ఉండటం అరుదు. కంటికి కనపడనంత వంపు రెండు మూడింటిలోనైనా దొరుకుతుంది. అన్నీ నిటారుగా ఉంటే నా అనుమానం కొంత బలహీనపడినట్టే.

ఏ గేరులో ఎక్కిన ఘాట్‌ను ఆ గేరులోనే దిగాలని, గేరు దించాలంటే దిగుడు మొదలవకముందే దించాలని డ్రైవర్‌కు చెప్పండి. ఇది మీరు అడగని సలహా, అయినా చెప్పక తప్పలేదు.

జవాబు 2
పంపినవారు: రేణిగుంట రోడ్డు వర్క్‌షాప్

ఎక్కుడులో, తక్కువ వేగంలో, అదే రాడ్డు మళ్లీ వంగింది. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా విలువైన విషయం ఇదేనని నా అభిప్రాయం. స్ప్రింగుల బలం చాలక వాల్వు తేలడం (క్యామ్ వెంట సమయానికి మూసుకోలేకపోవడం) అనేది వేగం ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బు. మెల్లగా లాగుతున్న ఇంజన్‌లో అది రాదు. కాబట్టి స్ప్రింగుల సెట్టు మార్చమన్న సలహా రెండో సంఘటనను వివరించదు. క్యామ్ షాఫ్ట్ సలహా ఇంకా దూరమైనది. క్యామ్ ముక్కు అరిగితే వాల్వు తక్కువగా లేస్తుంది, శబ్దం వస్తుంది; రాడ్డు మీద భారం తగ్గుతుందే గానీ పెరగదు.

పుష్ రాడ్ వంగడానికి మూడు దారులు ఉన్నాయి. కింద క్యామ్ నెడుతుండగా పైన వాల్వు కదలనని మొరాయించడం ఒకటి. తెరుచుకుని ఉన్న వాల్వును పిస్టన్ కొట్టి ఆ దెబ్బ రాడ్డు మీదికి రావడం రెండోది. రాడ్డు తన గిన్నెలోంచి తప్పుకుని, పక్కకు చిక్కి, మరుసటి చుట్టులో నలిగిపోవడం మూడోది. ఏ దారిలో వంగిందో ఆ రాడ్డే చాలావరకు చెబుతుంది కాబట్టి మీరు రెండు రాడ్లనూ పారేయకుండా దాచడం మంచి పని. వంపు సరిగ్గా నడుమ భాగంలో విల్లులాగా ఉండి, కింది గుండు, పై గిన్నె రెండూ గీతలు లేకుండా శుభ్రంగా ఉంటే, రెండు చివరలూ తమ స్థానంలో ఉండగానే రాడ్డు నిలువునా నలిగిందని అర్థం. వంపు పై చివరకు దగ్గరగా ఉండి, గిన్నె అంచు చితికి, రాకర్ ఆర్మ్ అడుగు భాగంలో మెరిసే గీత కనపడితే, అది ముందు జారిపోయి తర్వాత వంగింది. రాడ్డు నడుమ ఒక పక్కన నున్నగా రాసుకున్న మచ్చ కూడా తరచుగా కనపడుతుంది. అది వంగిన తర్వాత హెడ్డు రంధ్రానికి తగులుతూ నడిచిన గుర్తు మాత్రమే, దాన్ని కారణంగా లెక్కించకండి.

ఎయిర్ క్లీనర్‌లోకి ఎదురు గాలి కొట్టిందన్నారు. అది ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం లేదని గట్టిగా సూచించే లక్షణం. సిలిండర్‌లో డీజిల్ మండుతుంది, ఆ వాయువు పోవడానికి సైలెన్సర్ దారి మూసి ఉంది, ఆ తర్వాత ఇన్‌లెట్ తెరుచుకోగానే ఒత్తిడి అంతా ఆ వైపుకే తన్నుతుంది. అందుకే ఆ సిలిండర్ ఇన్‌లెట్ గొట్టంలో మసి పేరుకుంటుంది. ఇన్‌లెట్ రాడ్డు వంగి ఉంటే కథ వేరుగా ఉంటుంది. గాలే లోపలికి రాదు కాబట్టి సిలిండర్ చల్లగా చచ్చుబడి ఉంటుంది, ఎదురు తన్నడం ఉండదు. రెండు సందర్భాల్లోనూ మండని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. మిస్సింగ్‌తో బండిని ఎంత దూరం తోలారో నాకు తెలియదు గానీ, డిప్ స్టిక్ మీద మట్టం పెరిగి ఉంటే లేదా ఆయిల్ డీజిల్ వాసన కొడితే, బేరింగులను ఆలోచించి ముందు ఆయిల్ మార్చండి.

ఇక హెడ్డు విప్పకుండా చేయగల పరీక్షలు. ట్యాపెట్ కవర్ తీసి, స్టార్టర్ ముట్టుకోకుండా, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆగిపోవాలి. కొత్త రాడ్డు వేసి, డయల్ గేజ్‌ను (చిన్న కదలికను సూదితో చూపే కొలత సాధనం) ముందు రాడ్డు పై చివర మీద పెట్టి పైకి లేచే దూరం కొలవండి, తర్వాత అదే గేజ్‌ను వాల్వు స్ప్రింగు ప్లేటు మీద పెట్టి దిగే దూరం కొలవండి. రెండు అంకెలనూ 3వ, 5వ సిలిండర్ల ఎగ్జాస్ట్ అంకెలతో పోల్చితే క్యామ్ మీద, దాని మీద నడిచే కింది ట్యాపెట్ మీద అనుమానం ఉండాలో వద్దో అక్కడికక్కడే తేలిపోతుంది. రాడ్డు దగ్గర మిగతావాటితో సమానంగా లేచి వాల్వు దగ్గర తక్కువగా దిగితే, తప్పు రాకర్‌లోనో దాని బుష్‌లోనో ఉంది. సందు పెట్టేటప్పుడు సిలిండర్లలో మంట పడే 1-5-3-6-2-4 వరుసను గుర్తుంచుకోండి: 3వ సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్న (ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉన్న) స్థితిలో 4వ సిలిండర్ సందు పెట్టాలి, 2వది ఊగుతుంటే 5వ దానికి, 6వది ఊగుతుంటే 1వ దానికి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.30 మి.మీ. అన్నది ఈ ఇంజన్‌కు అలవాటుగా పెట్టే కొలత. మీ మాన్యువల్‌లో వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

హెడ్డు ముఖం చదును చేయించారు కాబట్టి పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య మిగిలిన చోటును కూడా చూడక తప్పదు. ఎంత లోహం తీశారో అంత మేర వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది, వాల్వు సీట్లను ఆ మేరకు లోతు చేయకపోతే. 4వ సిలిండర్ పిస్టన్‌ను ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌లెట్ మొదలయ్యే పై చివరకు తెచ్చి, ఎగ్జాస్ట్ స్ప్రింగు ప్లేటు మీద డయల్ గేజ్ పెట్టి, లివర్‌తో రాకర్‌ను నొక్కుతూ వాల్వు పిస్టన్‌కు తగిలేదాకా ఎంత దిగిందో చూడండి. ఆ స్థితిలోనే ఇంకో విషయం కూడా తెలుస్తుంది. ఫ్లైవీల్ గుర్తు సరిగ్గా పై చివరను చూపుతున్నప్పుడు ఎగ్జాస్ట్ మూసుకోబోతూ, ఇన్‌లెట్ తెరుచుకోవడం మొదలుపెడుతూ, రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉండాలి. ఒకటి బాగా తెరిచి మరొకటి పూర్తిగా మూసి ఉంటే టైమింగ్ గేరు పన్ను తప్పింది. మీరు టైమింగ్ గేర్లు విప్పినట్టు రాయలేదు, మిగతా సిలిండర్లు బాగున్నాయి కాబట్టి ఇది లేదనే అనుకుంటున్నాను.

నా అసలు అనుమానం 4వ సిలిండర్ కొత్త గైడు మీద. గైడును హెడ్డులోకి ప్రెస్ చేసినప్పుడు దాని లోపలి రంధ్రం కొంత బిగుసుకుంటుంది. అందుకే దించిన తర్వాత రీమర్ (రంధ్రాన్ని సన్నగా చెక్కే పనిముట్టు) నడిపి కొలతకు తేవాలి. ఎగ్జాస్ట్ వాల్వు కాండం ఇన్‌లెట్ కన్నా చాలా ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి ఇన్‌లెట్ కన్నా ఎక్కువ సందు వదలాలి. అది వదలకపోతే చల్లగా ఉన్న ఇంజన్‌లో వాల్వు సాఫీగా ఆడుతుంది, లోడు మీద ఘాట్ ఎక్కేటప్పుడు పట్టేస్తుంది. ఇంజన్ చల్లారాక సుత్తి పిడితో వాల్వు నొక్కి చూస్తే బాగానే ఉన్నట్టు అనిపించడానికి కారణం అదే. లేత్‌లో రీమర్ వాడారో లేదో అడిగి తెలుసుకోండి.

రాకర్ షాఫ్ట్‌కు ఆయిల్ అందుతోందో లేదో కూడా చూడండి. కవర్ తీసి ఇంజన్‌ను ఐడ్లింగ్‌లో కాసేపు నడిపితే ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతూ కనపడాలి. హెడ్ గ్యాస్కెట్ వేసేటప్పుడు ఎక్కువగా పూసిన సీలెంట్ ఆయిల్ రంధ్రాన్ని మూసేసిన బండ్లు ఉన్నాయి. మీ విషయంలో ఒకే సిలిండర్ కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. రాడ్లు బయటికి లాగేటప్పుడు ముందు అటూ ఇటూ తిప్పి ఆయిల్ పట్టు విడిపించుకుని తర్వాత పైకి తీయండి, లేకపోతే కింది ట్యాపెట్ కూడా రాడ్డుతోపాటు లేచి వస్తుంది. ప్రతి రాడ్డూ తన స్థానానికే తిరిగి వెళ్లేలా అట్టకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చి పెట్టుకోవాలి.

జవాబు 3
పంపినవారు: పాత లేలాండ్ యజమాని

రెండో సందేహానికి జవాబు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. వంగిన రాడ్డును సరిచేసి శాశ్వతంగా వాడకూడదు. ఒకసారి వంగిన రాడ్డు ఆ చోటనే బలహీనపడుతుంది, తర్వాత అంతకన్నా తక్కువ భారానికే మళ్లీ అక్కడే వంగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, తర్వాత అది వంగితే మీకు కారణం వాల్వా రాడ్డా అన్నది తేలదు. కొత్త రాడ్డుకు అయ్యే ఖర్చు ఒక ట్రిప్పు డీజిల్‌లో చిన్న భాగం. ఇక్కడ పొదుపు చేసే పని లేదు.

దారిలో వేరే రాడ్డు దొరకని పరిస్థితి వస్తే, ఆ సిలిండర్ రాడ్లు రెండూ తీసేసి, రాకర్లు రెండూ షాఫ్ట్ మీద జరగకుండా కట్టి, ఆ నాజిల్‌కు పోయే డీజిల్ పైపును విప్పి దాని మూతిని ఒక డబ్బాలోకి మళ్లించి, లోడు దించేసిన బండిని దగ్గరలో ఉన్న షెడ్డు దాకా మెల్లగా తెచ్చుకోవచ్చు. ఆ డీజిల్ వేడి సైలెన్సర్ మీద పడకుండా చూసుకోవడం, డబ్బా నిండకముందే ఖాళీ చేయడం మరువకూడదు. ఘాట్‌లో మాత్రం ఈ ప్రయత్నం వద్దు.

మిస్సింగ్ ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్‌లో నాజిల్ పైపు నట్టులు ఒక్కొక్కటిగా వదులు చేసే పద్ధతి అందరికీ తెలిసిందే. ఆ పని చేసేటప్పుడు మాత్రం గుడ్డ చుట్టి, ముఖం పక్కకు పెట్టండి. పంపు నుంచి వచ్చే డీజిల్ ఒత్తిడి చర్మంలోకి దూసుకుపోయేంత ఉంటుంది, అలా వేలిలోకి దిగితే చిన్న గాయమని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు
పంపినవారు: బంగారుపాళెం లారీ

సమయం తీసుకుని ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన వరుసలోనే పరీక్షలు చేయించాను.

మిగతా 11 రాడ్లనూ అద్దం మీద దొర్లించి చూశాము. ఒక్కదానిలోనూ వంపు లేదు. డయల్ గేజ్ పెడితే 3, 4, 5 సిలిండర్ల ఎగ్జాస్ట్ రాడ్లు మూడూ సమానంగా లేస్తున్నాయి కాబట్టి క్యామ్ షాఫ్ట్ మాట వదిలేశాము. పై చివర దగ్గర పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చోటు 4లోనూ 5లోనూ దాదాపు ఒకే విధంగా ఉంది, రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉండే స్థితి కూడా ఫ్లైవీల్ గుర్తుకు సరిపోయింది. రాకర్లన్నిటికీ ఆయిల్ వస్తోంది.

ఆశ్చర్యం కలిగించింది వంగిన రాడ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి వంపులు ఒకేలా లేవు. ఘాట్ దిగేటప్పుడు వంగిన మొదటిది పై గిన్నెకు దగ్గరగా వంగి, గిన్నె అంచు ఒక పక్క చితికి ఉంది. రాకర్ అడుగున గీత కూడా కనపడింది. ఎక్కేటప్పుడు వంగిన రెండోది సరిగ్గా నడుమ వంగింది, చివరలు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయా అని ఒక రోజంతా తికమక పడ్డాము.

చివరకు హెడ్డు దించక తప్పలేదు. 4వ పిస్టన్ తల మీద వాల్వు తాకిన అర్ధచంద్రపు మచ్చ ఏదీ లేదు. స్ప్రింగులు తీసి ఎగ్జాస్ట్ వాల్వులను వరుసగా గైడులో జార్చి చూస్తే, పాత గైడ్లున్న నాలుగు సిలిండర్లలో వాల్వు తన బరువుకే జారుతోంది. 5వ దానిలో కొంచెం నెమ్మదిగా జారింది. 4వ దానిలో సగం దాకా వచ్చి ఆగిపోయింది, వేలితో నెట్టాల్సి వచ్చింది. బయటికి తీస్తే కాండం మీద నిలువుగా మెరుస్తున్న గీతలు, వాటి పక్కన గోధుమరంగు జిగురు పొర. కాండాన్ని లేత్‌లో తిప్పి గేజ్ పెడితే వంపు ఏమీ లేదు. గైడ్లు వేసిన చోట అడిగితే, కొలతకు తయారై వచ్చినవి కాబట్టి దించిన తర్వాత రీమర్ వేయలేదని చెప్పారు.

ఇక నా సందేహాలు రెండు. ఒకే బిగుతు గైడు రెండు రకాల వంపులను ఎలా తెచ్చింది? 5వ సిలిండర్ గైడును కూడా ఇప్పుడే సరిచేయాలా, లేక నడుస్తోంది కదా అని వదిలేయవచ్చా?

జవాబు 4
పంపినవారు: మూడో గేరు

కాండం నిటారుగా ఉంది, పిస్టన్ మీద మచ్చ లేదు, మిగతా రాడ్లు బాగున్నాయి. వాల్వును పిస్టన్ కొట్టిందన్న నా అనుమానానికి ఇక ఆధారం లేదు. అయితే గేరు దించడానికి అసలు సంబంధం లేదని కూడా అనలేము, మొదటి రాడ్డు వంపు ఆ దిశలోనే ఉంది. దాని వివరం వర్క్‌షాప్ వారు రాస్తే నేనూ తెలుసుకుంటాను.

జవాబు 5
పంపినవారు: రేణిగుంట రోడ్డు వర్క్‌షాప్

బిగుతు గైడు వాల్వును రెండు విధాలుగా ఇబ్బంది పెడుతుంది. పూర్తిగా పట్టేయనప్పుడు దాన్ని ఆలస్యం చేస్తుంది. దిగుడులో మీ డ్రైవర్ గేరు దించి ఇంజన్ వేగం పెరిగినప్పుడు, మిగతా 11 వాల్వులు స్ప్రింగు బలంతో క్యామ్ వెంట వచ్చాయి, ఇదొక్కటే గైడులో రాపిడి వల్ల వెనకబడింది. క్యామ్ కిందికి దిగిపోయింది, రాకర్ వాల్వు వైపు చివర ఇంకా పైకి రాలేదు, మధ్యలో రాడ్డు పట్టు లేకుండా వదులైంది. ఆ క్షణంలో పై గిన్నె రాకర్ స్క్రూ గుండు మీంచి తప్పుకుని అంచుకు చిక్కింది, తర్వాతి చుట్టులో క్యామ్ లేచినప్పుడు అక్కడే వంగింది. ఎగ్జాస్ట్ బ్రేక్ (సైలెన్సర్ దారిని మూసి బండిని నెమ్మది చేసే బ్రేకు) కూడా వాడి ఉంటే సైలెన్సర్ వైపు పెరిగిన ఒత్తిడి మూసుకోబోయే వాల్వును ఇంకా ఆపుతుంది. వాడాడో లేదో డ్రైవర్‌ను అడగండి. ఎక్కుడులో జరిగింది నేరుగా పట్టేయడం. లోడు మీద కాండం వేడెక్కి గైడులో బిగుసుకుంది, మూసి ఉన్న స్థితిలో కదలలేదు, క్యామ్ నెట్టిన బలమంతా రాడ్డు నడుమ మీద పడింది. గైడు వేసిన వెంటనే కాకుండా కొన్ని వారాల తర్వాత ఇది మొదలవడానికి కాండం మీద మీరు చూసిన ఆ జిగురు పొరే కారణం; ఉన్న కొద్దిపాటి సందును అది తినేసింది.

5వ గైడును వదిలేయకండి. అది కూడా అదే చేతితో, అదే రోజు, రీమర్ లేకుండా దిగిన గైడు. హెడ్డు ఇప్పటికే కింద ఉంది. మళ్లీ దించాల్సి వస్తే గ్యాస్కెట్, కూలీ, మామిడి కాలంలో పోయే ట్రిప్పులు అన్నీ మీ మీదే పడతాయి. 4, 5 సిలిండర్ల ఇన్‌లెట్ గైడ్లు కూడా కొత్తవే అయితే వాటినీ కొలిపించండి. కాండాన్ని మైక్రోమీటర్‌తో మూడు చోట్ల, గైడును పైన, నడుమ, కింద బోర్ గేజ్‌తో కొలిచి, రెండింటి తేడా మాన్యువల్ చెప్పిన హద్దులో ఉండేలా రీమర్ వేయించాలి. రీమర్‌ను చేత్తో, ఒకే దిశలో తిప్పుతూ దించాలి. డ్రిల్ మెషిన్‌కు బిగించి నడిపితే రంధ్రం గంట మూతిలా వెడల్పవుతుంది, అప్పుడు ఆయిల్ కిందికి దిగి నీలం పొగ మొదలవుతుంది.

రీమర్ వేసిన తర్వాత గైడు మధ్య గీత కొద్దిగా జరిగే అవకాశం ఉంది కాబట్టి సీటును ఆ గైడు ఆధారంగానే మళ్లీ కట్ చేయించండి. చాలా షెడ్లలో ఈ పని దాటవేసి చేతి గ్రైండింగ్ పేస్టుతో సరిపెడతారు. సీటు పక్కకు ఉంటే వాల్వు మూసుకున్న ప్రతిసారీ తల ఒక పక్కకు లాగబడుతుంది, గైడు మళ్లీ ఒక వైపు అరుగుతుంది. నీలం రంగు పూసి సీటు చుట్టూ తెగని గీత పడుతోందో చూడండి, స్ప్రింగులు వేశాక హెడ్డును పోర్టులు పైకి వచ్చేలా పక్కకు నిలబెట్టి వాటిలో డీజిల్ పోసి కాసేపు వదలండి. వాల్వు తల చుట్టూ చెమ్మ కనపడకూడదు. అలాగే వాల్వు తల హెడ్డు ముఖం కన్నా ఎంత లోపలికి ఉందో డెప్త్ గేజ్‌తో పన్నెండింటికీ కొలిచి రాసి పెట్టుకోండి. ముఖం చదును చేసిన హెడ్డు కాబట్టి ఈ అంకెలు తర్వాత పనికి వస్తాయి.

మొదటి రాడ్డు జారినప్పుడు గీత పడిన 4వ ఎగ్జాస్ట్ రాకర్‌ను, దాని సర్దుబాటు స్క్రూ గుండును భూతద్దంతో చూడండి. గుండు మీద చదునైన మచ్చ ఉంటే స్క్రూ మార్చాలి, లేకపోతే కొత్త రాడ్డు గిన్నె త్వరగా పాడవుతుంది. కింద ట్యాపెట్ ముఖం కూడా రెండు దెబ్బలు తిన్నది. డయల్ గేజ్‌లో లిఫ్ట్ సమానంగా వచ్చింది కాబట్టి అది పగలలేదని అనుకోవచ్చు, అయినా రాడ్డు కూర్చునే గుంతలోకి టార్చి వేసి పెచ్చు లేచిందేమో చూడటం మంచిది.

హెడ్డు బిగించి ఇంజన్‌ను నడిపే వేడి దాకా తెచ్చి, చల్లారాక బోల్టులను మాన్యువల్ వరుసలో మళ్లీ బిగించి, ఆ తర్వాతే ట్యాపెట్ సందు చివరిసారిగా పెట్టండి. బోల్టులు బిగిస్తే ముందు పెట్టిన సందు మారిపోతుంది. ఆయిల్, ఫిల్టర్ రెండూ కొత్తవి వేయండి. మొదటి లోడును ఘాట్ వైపు కాకుండా తిరుపతి దారిలో తోలి, తిరిగి వచ్చాక కవర్ తీసి 4, 5 ఎగ్జాస్ట్ సందులు మాత్రం ఫీలర్ గేజ్‌తో చూడండి. సందు పెట్టినంతే ఉంటే పలమనేరు లోడు ఒప్పుకోవచ్చు.